ఆంగ్ల పదముల ఆదివర్ణములు – అర్థసంబంధము

ఆంగ్లభాషయందు ఒకే వర్ణముతోగాని, ఒకే వర్ణసముదాయముతోగాని ఆరంభమగు పదములు కొన్ని అర్థమునందును పరస్పర సన్నిహితములై యుండుట భాషాధ్యేతలు చిరకాలముగా ఎరిగిన విషయము. గ్లో, గ్లీమ్, గ్లిటర్, గ్లింట్, గ్లేర్ అను పదములు వెలుగును తెలుపును. స్నౌట్, స్నిఫ్, స్నోర్, స్నార్ట్, స్నీజ్ అనునవి ముక్కునో, ముక్కుతో చేయు క్రియనో తెలుపును. స్లిప్, స్లైడ్, స్లైమ్, స్లష్ అనువానియందు జారుడును తడియును ప్రధానములు. ఈ సాదృశ్యమునకు హేతువు ఒక్కటి కాదు. ఒకే మూలధాతువునుండి పుట్టిన పదములు ఒకే ఆదివర్ణములను నిలుపుకొనుట మొదటిది. ఒకే ఉపసర్గ పెక్కు పదముల మొదట చేరుట రెండవది. వేర్వేరు మూలములనుండి వచ్చిన పదములు ధ్వనిసామ్యముచే ఒకదానినొకటి ఆకర్షించుకొని అర్థమునందును సమీపించుట మూడవది. కేవల యాదృచ్ఛికము నాల్గవది. పైకి ఒక్క తీరుననే కనబడు ఈ నాలుగింటిని వేరుపరచి చూచుటయే ఈ అధ్యయనమునందలి ప్రధాన కార్యము.

అకారాదిక్రమము : ఒకే ఆదివర్ణములుగల పదములు ఒకచోట చేరి కంటబడుటకు నిఘంటువుల అకారాదిక్రమమే ముఖ్యకారణము. ఆంగ్లపదములకు ఆంగ్లముననే అర్థము చెప్పిన తొలి నిఘంటువు రాబర్ట్ కాడ్రీ 1604లో ప్రకటించిన చిన్న గ్రంథము. అందలి పదములు సుమారు 2,500. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన మహానిఘంటువును ఈ క్రమమునే అనుసరించినది. దీనికి భిన్నముగా, అర్థమునుబట్టి పదములను వర్గములుగా కూర్చు పద్ధతిని పీటర్ మార్క్ రోజెట్ 1852లో తన పర్యాయపద కోశమున అవలంబించెను. మన దేశమున అమరకోశము అనాదిగా ఈ వర్గపద్ధతికే ప్రసిద్ధము. తెలుగున అకారాదిక్రమమున 1852లో సి. పి. బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమును వెలువడినవి. వర్గకోశమున అర్థబంధువులు ఒకచోట కూడియుండగా, అకారాదికోశమున చుట్టములును పరాయివారును ఒకే పంక్తిలో కూర్చుందురు.

ఈ మాటకు ఆంగ్లనిఘంటువునందలి ‘మాన్’ అను అక్షరత్రయముతో ఆరంభమగు పుటయే చాలిన నిదర్శనము. మాన్యువల్, మాన్యుస్క్రిప్ట్, మాన్యుఫాక్చర్, మానికిల్ అను పదములు లాటిన్ భాషలో చేయి అను అర్థముగల ‘మానుస్’ శబ్దమునుండి వచ్చినవి. గుఱ్ఱమును చేతితో అదుపుచేయుట అను ఇటాలియన్ అర్థమునుండి మేనేజ్ అను క్రియయు, చేతితో పనిచేయుట, నేలను సాగుచేయుట అను ఫ్రెంచి అర్థమునుండి నేడు ఎరువునకు పేరైన మెన్యూర్ అను మాటయు అందుండియే ఏర్పడినవి. అదే పుటలో మాన్షన్ అనునది నివసించుట అను అర్థముగల వేరొక లాటిన్ ధాతువునకు సంతతి. మేనియా గ్రీకు పదము. మాండరిన్ అనునది సంస్కృతమునందలి మంత్రి శబ్దము మలయు భాషలోనికి పోయి, పోర్చుగీసువారి నోట మారి, చీనాదేశపు రాజోద్యోగికి పేరై ఆంగ్లమును చేరినది. మామిడిపండునకు పేరైన మాంగో దక్షిణభారతమునందలి ‘మాంగా’ అను ద్రావిడ పదమునుండి పోర్చుగీసువారి మూలముననే వెళ్లినది. లిపియందలి పొరుగుతనము చుట్టరికమునకు ప్రమాణము కాదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

సమానధాతువు : ఆదివర్ణసామ్యమునకు అత్యంత దృఢమైన హేతువు ఏకధాతుజన్యత. సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తా నగరమున సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషల సోదరత్వమును సూచించిన పిమ్మట, యాకోబ్ గ్రిమ్ 1822లో జర్మనిక్ శాఖయందలి హల్లుల మార్పులను సూత్రబద్ధము చేయుటతో ఆంగ్లపదముల వంశవృక్షములు స్పష్టపడినవి. మూలభాషయందలి పకారము ఆంగ్లమున ఫకారమగునను గ్రిమ్ నియమముచే ఫ్లో, ఫ్లోట్, ఫ్లడ్, ఫ్లీట్ అను పదములు సంస్కృతమునందలి ‘ప్లు’ ధాతువునకు జ్ఞాతులని తేలినది. తేలునది గనుక ఓడకు ప్లవమనియు, దుముకునది గనుక కోతికి ప్లవంగమనియు పేర్లు తెచ్చిన ధాతువదియే. అయినను అదే ‘ఫ్ల’కారముతో ఆరంభమగు ఫ్లేమ్, ఫ్లవర్ అనునవి లాటిన్ నుండి అరువు వచ్చినవగుటచే ఈ వంశమున చేరవు.

ప్రశ్నార్థక పదముల గుంపు ఇట్టిదే. వాట్, విచ్, వెన్, వేర్, వై అను పదములు ‘డబ్ల్యూ–హెచ్’ అక్షరములతో ఆరంభమగుటకు కారణము మూలభాషయందలి ‘క్వ’ ధ్వని. అదియే సంస్కృతమున కః, కిమ్, కదా, కుత్ర అను రూపములలో కకారముగా నిలిచినది. దిస్, దట్, దెన్, దేర్ అను నిర్దేశక పదములు తత్, తదా, తత్ర అను వానికి సోదరములు. ప్రాచీనాంగ్లమున హకారము ముందును వకారము వెనుకను వ్రాయబడుచుండగా, నార్మన్ విజయానంతరము లేఖకులు ఆ క్రమమును తలక్రిందులు చేసిరి. సంపూర్ణార్థకమగు హోల్ అను పదము ఆరోగ్యవాచకములగు హీల్, హెల్త్ లకు సహోదరమై వట్టి హకారముతోనే ఉండగా, 15వ శతాబ్దమున లేఖకులు దానికి అకారణముగా ‘డబ్ల్యూ’ తగిలించిరి. కావున అది చూపునకు ప్రశ్నార్థక కుటుంబమున చేరినను పుట్టుకచే చేరదు.

‘ట్వ’కారాది పదములు మరియొక చక్కని కుటుంబము. టూ అనగా రెండు. ఆ పదమున నేడు వినబడని ‘డబ్ల్యూ’ ట్విన్, ట్వైస్, ట్వెల్వ్, ట్వెంటీ అను వానియందు సజీవముగా ఉన్నది. రెండు పేటలు కలిపి పేనిన దారము ట్వైన్. అట్లు పేనుట ట్విస్ట్. ఈ రెండు పదములు మెలికపెట్టుట అను అర్థమును స్థిరపరచిన తరువాత ట్వర్ల్, ట్వీక్ వంటి పదములు అదే భావమును పుచ్చుకొని వెలసినవి. వంశముగా ఆరంభమైనది క్రమముగా ధ్వనివర్గముగా మారుట ఇందు కనబడుచున్నది.

ఉపసర్గలు : ప్రీ, రీ, అన్, ఇన్, కాన్ మొదలగు ఉపసర్గలవలన కలుగు అర్థసామ్యము వ్యాకరణసిద్ధమైనది గనుక ఇచ్చట విస్తరింపనక్కరలేదు. కాని ఒకే రూపమున రెండు ఉపసర్గలు దాగియుండుట గమనింపదగినది. అన్‌హాపీ అనుచోట ‘అన్’ నిషేధార్థకము, సంస్కృతమునందలి నఞ్‌సమాసపు ‘అ, అన్’ లకు సోదరము; కట్టిన ముడిని విప్పుట అను అర్థమునిచ్చు అన్‌టై అనుచోట అదే రూపము వేరొక మూలమునుండి వచ్చి, చేసిన పనిని తిరుగద్రిప్పుటను తెలుపును. ‘ఇన్’ అనునదియు లాటిన్‌లో నిషేధమును, లోపలికి అను అర్థమును రెండింటిని తెలుపును. ఈ సందిగ్ధతవలననే, మండునది అని అర్థముగల ఇన్‌ఫ్లేమబుల్ అను మాటను కొందరు మండనిదని పొరబడుదురేమోయను భయముతో, ఇంధనపు బండ్లమీదను పీపాలమీదను ఫ్లేమబుల్ అను పొట్టిరూపమును వ్రాయు వాడుక ఇరువదవ శతాబ్దమున వ్యాపించినది.

నాదార్థకములు : ఏకధాతుజన్యతయు ఉపసర్గయు చాలక, వేర్వేరు పుట్టుకలుగల పదములు సహితము ఒకే ఆదిధ్వనితో ఒకే భావము చుట్టు గుమిగూడుటను మొదట విపులముగా పరిశీలించినవాడు జాన్ వాలిస్. గణితమున అనంతమునకు నేడు వాడు గుర్తును ప్రవేశపెట్టిన ఈ ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు 1653లో లాటిన్ భాషలో వ్రాసిన ఆంగ్లవ్యాకరణమున, ‘స్ట్ర’ధ్వని బలమును ప్రయత్నమును, ‘డబ్ల్యూ–ఆర్’ వక్రతను మెలికను సూచించునని పట్టికలతో చూపెను. రింగ్, రెంచ్, రెజిల్, రీత్, రిస్ట్ అను పదములు ఆదియందు నేడు పలుకబడని ‘డబ్ల్యూ’ కలిగి, మెలిపెట్టుట, పెనగులాడుట, అల్లుట, తిరుగునట్టి మణికట్టు అను అర్థములనిచ్చుట ఈ రెండవ మాటకు ఉదాహరణము.

ఇట్టి ధ్వనిసముదాయమునకు శాస్త్రీయనామము పెట్టినవాడు జాన్ రూపర్ట్ ఫర్త్. 1928 వరకు లాహోరునందలి పంజాబు విశ్వవిద్యాలయమున ఆంగ్లాచార్యుడుగా నుండి, పిమ్మట లండన్‌లో బ్రిటన్ దేశపు ప్రథమ సామాన్యభాషాశాస్త్రాచార్యుడైన ఈ పండితుడు 1930లో ప్రకటించిన చిన్న గ్రంథమున దీనిని ఫోనెస్థీమ్ అనెను. తెలుగున దీనిని నాదార్థకమనవచ్చును. అమెరికా పండితుడు లియొనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1933లో తన భాషాగ్రంథమున వీనిని మరింత సూక్ష్మముగా విభజించెను. అతని లెక్కలో ‘ఫ్ల’ కదలు వెలుగును తెలుపగా (ఫ్లాష్, ఫ్లేర్, ఫ్లికర్) ‘గ్ల’ నిలుకడగల వెలుగును తెలుపును; ‘స్న’ ఒక్కటే మూడు వర్గములుగా చీలి, ఊపిరిచప్పుడును (స్నిఫ్, స్నోర్), తటాలున విరుచుట లాగుకొనుటలను (స్నాప్, స్నాచ్), ప్రాకుటను (స్నేక్, స్నేల్, స్నీక్) తెలుపును. పామునకును నత్తకును పేర్లైన స్నేక్, స్నేల్ పదములు ప్రాకుట అను అర్థముగల ఒకే ప్రాచీనధాతువునకు పుట్టినవగుటచే ఈ మూడవ వర్గమునకు వంశబలము సైతము కలదు. ఒకే ధ్వనికి ఇన్ని అర్థములుండుటచే, ధ్వనియందే సహజముగా అర్థమున్నదనుటకంటె, పదములు గుంపుగూడి ధ్వనికి అర్థమును కల్పించుచున్నవనుట సమంజసముగా తోచును.

‘గ్ల’కారాది పదముల పుట్టుకను పరికించినచో ఈ విషయము మరింత విశదమగును. గ్లో, గ్లీమ్, గ్లాస్ మొదలగునవి ప్రకాశార్థకమగు ఒక ప్రాచీనధాతువునుండి వచ్చినవనియు, పసుపువన్నెను తెలుపు యెలో, బంగారమునకు పేరైన గోల్డ్, సంస్కృతమునందలి హరిత, హిరణ్య శబ్దములు ఆ ధాతుసంతతియేయనియు పలువురు నిరుక్తకారుల మతము. కీర్తివాచకమగు గ్లోరీ మాత్రము లాటిన్ నుండి వచ్చిన అతిథి. చేతితొడుగు అగు గ్లవ్, బంకకు పేరైన గ్లూ, తిండిపోతునకు పేరైన గ్లటన్ అనువానికి వెలుగుతో ఏ సంబంధమును లేదు.

సాహచర్యప్రభావము : గుంపు బలపడిన తరువాత అది ఇరుగుపొరుగు పదములను తన వైపునకు లాగుకొనును. ఇందుకు మూడు పదముల చరిత్రలు నిదర్శనములు. తుమ్మునకు నేడు స్నీజ్ అను మాట యున్నను, ప్రాచీనాంగ్లమున ఆ పదము ఫకారనకారముల సంయుక్తముతో ‘ఫ్నేయొసన్’ అని ఉండెను; ఊపిరికిని బుసకును చెందిన మరికొన్ని పదములును ఆ ‘ఫ్న’తోనే ఆరంభమయ్యెడివి. పదునాల్గవ శతాబ్దమునందలి చాసర్ కవి కాంటర్‌బరీ కథలలో సైతము ఆ ఫకారరూపమే కలదు. పదునైదవ శతాబ్దమునకు ‘ఫ్న’ పదములు వాడుకనుండి దాదాపు తొలగిపోగా, ఒంటరియై మిగిలిన ఈ మాట ‘స్న’తో ఆరంభమగు నాసికాపదముల గుంపులో కలిసిపోయెను. నాటి లిపిలో నిడుపు సకారమునకును ఫకారమునకును అడ్డుగీతయందలి స్వల్పభేదమే యుండుటచే చదువరుల భ్రమయు ఈ మార్పునకు తోడ్పడినదని చెప్పుదురు.

రెండవది గ్లాన్స్. ఇది మంచునకు, జారుటకు సంబంధించిన ఫ్రెంచి పదమునుండి పుట్టి, తగిలి ప్రక్కకు జారిపోవు కత్తివ్రేటు వంటి అర్థముతో ఆంగ్లమున మొదట వాడబడెను. 16వ శతాబ్దమున దానికి ఓరచూపు, క్షణకాలపు చూపు అను అర్థము కలుగుటతో అది వెలుగుచూపుల వర్గమున స్థిరపడెను. మూడవది మన చలనచిత్రపత్రికలకు చిరపరిచితమైన గ్లామర్. ఇది వ్యాకరణమునకు పేరైన గ్రామర్ శబ్దమునకు స్కాట్లండు దేశీయుల నోట ఏర్పడిన రూపాంతరము. చదువెరుగని జనులకు పండితుని విద్యయు మంత్రవిద్యయు ఒక్కటిగనే తోచుటచే ఆ మాట ఇంద్రజాలమును, కన్నులను కప్పు మాయను తెలుపజొచ్చెను. వాల్టర్ స్కాట్ రచనలవలన 19వ శతాబ్దపు ఆరంభమున ఆంగ్లసాహిత్యమున వ్యాపించి, క్రమముగా మిరుమిట్లుగొల్పు సౌందర్యమును తెలుపసాగెను. రేఫము లకారముగా మారకయే యున్నచో ఈ అర్థపరిణామము ఇంత సుకరముగా జరిగెడిది కాదేమో.

లిపిప్రభావము : ధ్వనితో నిమిత్తము లేక కేవలము వ్రాతవలన ఏర్పడిన సామ్యములును కలవు. దయ్యమునకు పేరైన ఘోస్ట్ (పలుకుబడిలో గోస్ట్) అను పదమున ప్రాచీనాంగ్లమునందు హకారము లేదు. విలియం కాక్స్‌టన్ ఫ్లాండర్స్ ప్రాంతమున ముద్రణ సాగించి 1476లో ఇంగ్లండున ముద్రాలయము స్థాపించిన పిమ్మట, ఫ్లెమిష్ వ్రాతపద్ధతి ననుసరించి ఆ హకారము వచ్చి చేరినది. భయంకరమను అర్థముగల ఘాస్ట్‌లీ పదమును దానినే అనుకరించినది. ఆ తరువాత అరబ్బీనుండి శవభక్షక పిశాచమునకు పేరైన ఘూల్ వచ్చి వీనితో చేరుటచే, భీతి గొల్పు పదములకు ‘జి–హెచ్’ ఒక చిహ్నమైనట్లు కనబడును. కాని ఆ వెంటనే నిఘంటువునందు ఘీ, ఘాట్, ఘరియాల్ అని భారతదేశపు నెయ్యియు, రేవును, మొసలియు ఏ భీతియు లేక కూర్చున్నవి.

అట్లే ‘కె–ఎన్’ అక్షరములతో ఆరంభమగు నీ (మోకాలు), నో (ఎరుగుట), నాట్ (ముడి) మొదలగు పదములలో కకారము పదునేడవ శతాబ్దాంతమునకు నోటినుండి తొలగిపోయి వ్రాతలో మాత్రము మిగిలినది. మోకాలి పేరు సంస్కృతమునందలి జాను శబ్దమునకును, ఎరుగుట అను క్రియ ‘జ్ఞా’ ధాతువునకును సోదరములు. రెండింటి వంశములు వేరు. అక్షరములు మాత్రము ఒక్కటి.

సిద్ధాంతచర్చ : శబ్దార్థసంబంధము సహజమా, సంకేతమా అను వివాదము ప్రాచీనమైనది. ప్లేటో క్రాటిలస్ సంవాదమున ఉభయపక్షములను ప్రతిపాదించెను. మన దేశమున యాస్కుడు నిరుక్తమునందు కాకాది పక్షినామములు కూతను అనుకరించి ఏర్పడినవని చెప్పి, శబ్దానుకరణమే లేదను ఔపమన్యవుని మతమును సైతము ఉదాహరించెను. మీమాంసకులు శబ్దార్థసంబంధము నిత్యమనగా, నైయాయికులు సంకేతమనిరి. ఆధునిక యుగమున ఫెర్డినాండ్ ద సొస్యూర్ ఉపన్యాసములు 1916లో గ్రంథరూపమున వెలువడి, శబ్దార్థసంబంధము యాదృచ్ఛికమను సూత్రమును భాషాశాస్త్రమునకు పునాదిగా నిలిపినవి. నాదార్థకములు ఆ సూత్రమును కూలద్రోయవు. ఒక్కొక్క పదము సంకేతమాత్రమేయైనను, పదములు సంఘముగా ఏర్పడినప్పుడు వాని నడుమ నియమము పుట్టునని మాత్రము చూపును.

ప్రయోగములు : వోల్ఫ్‌గాంగ్ కోలర్ 1929లో గుండ్రని ఆకృతికిని కోణములుగల ఆకృతికిని కల్పితనామములు చూపి, మృదుధ్వనులు గుండ్రదనమునకును పరుషధ్వనులు కోణములకును జనులు జతపరతురని తెలిపెను. అదే సంవత్సరము ఎడ్వర్డ్ సపీర్ మిల్, మాల్ అను కల్పితపదములలో రెండవదానినే అధికసంఖ్యాకులు పెద్దవస్తువునకు పేరుగా ఎన్నుకొందురని చూపెను. ఆదివర్ణసముదాయములకు సూటిగా సంబంధించినది బెంజమిన్ బెర్గెన్ 2004లో ప్రకటించిన పరిశోధన. పదిలక్షల పదముల బ్రౌన్ సంకలనమున ‘గ్ల’తో ఆరంభమగు వేర్వేరు పదములలో దాదాపు 39 శాతము వెలుగునకో చూపునకో చెందినవనియు, వాడుకసంఖ్యనుబట్టి అది దాదాపు 60 శాతమనియు అతడు లెక్కించెను. అంతేకాక, తెరపై గ్లిటర్ వంటి పదము కనబడిన పిమ్మట గ్లో వంటి పదమును పాఠకులు త్వరితముగా గుర్తించిరి. ధ్వనిమాత్రము కలిసిన జంటలయందుగాని, అర్థమాత్రము కలిసిన జంటలయందుగాని అంతటి వేగము కనబడలేదు. కావున ఈ వర్గములు పండితుల పట్టికలలోనే కాక భాషీయుల మనస్సులందును ఉన్నవని ఋజువైనది.

తెలుగుతో పోలిక : తెలుగునందు మినుకు, మిణుగురు, మిలమిల, మిరుమిట్లు, మెరపు, మెరుగు అను పదములు ‘మి, మె’ ధ్వనులతో వెలుగును తెలుపుట ‘గ్ల’ వర్గమునకు దీటైన ఉదాహరణము. ఇందును మిరియము, మిడుత, మిద్దె వంటి పరాయిపదములు కలవు. ఆ, ఈ, ఏ అను త్రికమునుండి పుట్టిన అక్కడ, ఇక్కడ, ఎక్కడ; అప్పుడు, ఇప్పుడు, ఎప్పుడు అను క్రమము ఆంగ్లమునందలి ప్రశ్నార్థక, నిర్దేశక కుటుంబములకంటె మిక్కిలి సుసంబద్ధమైనది. భేదమేమనగా, తెలుగు గలగల, జలజల, తళతళ అని ధ్వన్యనుకరణమును జంటపదములుగా బహిరంగముగా నిలుపును; ముర్రే ఎమెనో 1969లో ఇట్టి పదములు ఆర్యద్రావిడభేదము లేక భారతీయభాషలన్నింటికి ఉమ్మడిలక్షణమని నిరూపించెను. ఆంగ్లము అదే శక్తిని సామాన్యక్రియల మొదటి హల్లులలో దాచుకొన్నది. ఈ పోలికలు బంధుత్వమును తెలుపవు. తెలుగు సంస్కృతజన్యము కాక వేరు కుటుంబమునకు చెందినదని ఎల్లిస్ 1816లోనే క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో స్థాపించెను.

ప్రయోజనము, పరిమితులు : కవులును వ్యాపారప్రకటనకర్తలును నూతనపదములను కల్పించునపుడు ఈ వర్గములనే ఆశ్రయింతురు. లూయీ కారల్ కల్పించి 1871లో ప్రకటించిన స్లైదీ అను మాటను తొలిసారి విన్నవారికి సైతము జిగటదనము స్ఫురించుటకు కారణము ‘స్ల’వర్గపు బలము. భాషార్థులకును పదములను గుంపులుగా జ్ఞాపకముంచుకొనుటకు ఇవి సాధనములు. కాని తెలియని పదమునకు మొదటి అక్షరములనుబట్టి అర్థమును ఊహించుట ప్రమాదకరము. స్లిప్, స్లైడ్ నేర్చిన విద్యార్థి స్లోగన్ అనుచోట జారుడును వెదకినచో నిరాశపడును. అది స్కాట్లండు గేలిక్ భాషలో సేనల రణనినాదమునకు పేరు. బానిసకు పేరైన స్లేవ్, స్లావ్ జాతినామమునుండి వచ్చినది. పదముయొక్క పుట్టుకను నిఘంటువున చూచి, దాని పొరుగుపదములను ప్రక్కన నిలిపి, వాడుకను గమనించిన పిమ్మటనే ఆదివర్ణసామ్యము వంశముచే కలిగినదో, ఉపసర్గచే కలిగినదో, సాహచర్యముచే కలిగినదో, యాదృచ్ఛికమో నిర్ణయింపవలెను.